బట్టీ ఆరనివ్వని సమ్మె

మంచి సీసాకు గొంతు ఉంటుంది. గోటితో మెడ దగ్గర తట్టి చెవి దగ్గర పెట్టుకుంటే, పూజగదిలో చిన్న గంటను ఒకసారి కదిపి వదిలేసినట్టు కాసేపు పలికి ఆగుతుంది. లోపల పగులున్న సీసా మాత్రం ముసలివాళ్లు దగ్గినట్టు ఒక్కసారి పొడిగా మోగి ఊరుకుంటుంది. అలా వినడమే నా ఉద్యోగం. కిషన్‌బాగ్ వైపు ఉన్న ఒక గాజు కార్ఖానాలో, చెకింగ్ బల్ల దగ్గర కూర్చుని, మందు సీసాలనూ లాంతరు చిమ్నీలనూ వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని, తట్టి వినేదాన్ని. పనికొచ్చేవి గడ్డి పరిచిన చెక్కపెట్టెలోకి, పనికిరానివి పక్కన గంపలోకి. గంపలోవన్నీ మళ్లీ బట్టీలో పడి కరిగి, కొత్త సీసాలై నా చేతికే వచ్చేవి. చెడిపోయినవాటికి కూడా దేవుడు ఒక దారి పెట్టాడు కదా అని రోజూ ఏదో ఒక వేళ అనిపించేది.

మొన్న మా వీధిలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్ల ఆఫీసులో ఏదో గొడవట. "అమ్మమ్మా, మీ కాలంల యూనియన్లు మస్తుండేనంట గద. మరి మా అమ్మలు, నాయనలు ఎవ్వరు గూడ ఆ ముచ్చట ఎత్తరేంది? మీటింగు అంటే చాలు, నీకెందుకు బిడ్డా అంటరు" అని అడిగారు. నవ్వి, చాయ్ ఇచ్చి పంపించాను. చెప్పవలసిన మాటే. నోటితో చెబితే సగం మింగేస్తాను కనుక రాస్తున్నాను.

నేను బడి గుమ్మం తొక్కలేదు. హుస్సేనీ ఆలంలో మా కిరాయి ఇంటి అరుగు మీద మా బాపు పలక పట్టించి తెలుగు, ఆ తర్వాత ఉర్దూ నేర్పారు. ఆ చదువుతో ఉద్యోగం వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పెళ్లయ్యాక మా ఆయన గుమాస్తాగా పనిచేసే గడియారాల దుకాణం మూతపడింది. ఆ రోజుల్లోనే ఎవరో చెబితే ఈ కార్ఖానాకు వెళ్లాను. అక్కడ గాజు ఊదేవాళ్లందరికీ పెద్ద ఒక ముసలాయన. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన ముందు ఒక చీటీ మీది తెలుగు చదివించాడు, తర్వాత ఉర్దూ చదివించాడు. అప్పుడు ఒక సీసా చేతికిచ్చి, "ఇప్పుడు దీన్ని చదువు బేటీ" అన్నాడు. నాకేం తోచక గోటితో తట్టాను. ఆయన ముఖం వికసించింది. నా జీవితంలో ఎవరికైనా రుణపడి ఉన్నానంటే, మా బాపు తర్వాత ఆయనకే.

కొన్నేళ్లకు నన్ను పర్మనెంట్ చేశారు. ఆ మాట ఈనాటి పిల్లలకు ఎలా వినిపిస్తుందో తెలియదు గాని, మా ఇంట్లో అది పండగ పేరులా వినిపించేది. పర్మనెంట్ అంటే దవాఖాన కార్డు. పర్మనెంట్ అంటే వాయిదాల మీద రేడియో ఇచ్చే దుకాణంవాడు మనల్ని కూర్చోమని కుర్చీ చూపించడం. మా పెద్దవాడు మెడకు టై కట్టుకుని మిషన్ బడికి పోవడం. ఏం గొప్పవాళ్లం కాము, అయినా చీకూచింత లేకుండా రేపటి గురించి మాట్లాడుకునేవాళ్లం. బల్ల దగ్గర నా పక్కన కూర్చునే ఆమెది శాలిబండ. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. క్రీస్తును నమ్మిన మనిషి. పొద్దున్నే మొదటి సీసా ఎత్తేటప్పుడు ఆమె ఒక స్తోత్రం, నేను ఒక నామం పెదవుల మీద అనుకునేవాళ్లం. ఎవరిది ముందు పూర్తయితే వాళ్లు రెండోవాళ్ల కోసం ఆగేవాళ్లు.

కార్ఖానా నడిబొడ్డున బట్టీ ఉండేది. గుండ్రని ఇటుక గోపురం, దాని చుట్టూ కిటికీల్లాంటి నోళ్లు, లోపల పెద్ద పెద్ద మట్టి కుండల్లో కరిగిన గాజు. వెలుగు ఎర్రగా కాదు, పండిన మామిడిపండు రంగులో ఉండేది. పగలూ రాత్రీ, పండగలకూ పబ్బాలకూ అది ఆరేది కాదు. ఆరితే చల్లబడుతూ కుండలు పగిలిపోతాయి; మళ్లీ కట్టి, ఎండబెట్టి, మెల్లగా కాక పెట్టి దారిలోకి తేవడానికి నెలలు పడుతుంది. అందుకే పనిలోకి వచ్చే ప్రతివాడూ, మేనేజరుకు సలాం పెట్టకపోయినా, బట్టీ వైపు ఒకసారి చూసి చెయ్యి గుండెకు తాకించుకునేవాడు. హిందువులం, తురకలం, కిరస్తానీలం అందరం అలాగే చేసేవాళ్లం. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

డెబ్భైల చివర్లో ఒకనాడు, కార్ఖానా యజమాని సేట్ మాటగా మేనేజరు వచ్చి, ఇకనుంచి పర్మనెంట్లు ఉండవనీ, అందరం గుత్త పద్ధతిలో సంతకాలు పెట్టాలనీ, ఎంత పనికి అంతే కూలీ అనీ చెప్పి వెళ్లిపోయాడు. వినగానే నాకు మావాడి మెడలో టై కనిపించింది. పక్కన అక్క చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం గడ్డిమోపుల మధ్య మీటింగు. మా యూనియన్ లీడరు బట్టీ దగ్గరే పనిచేసే కుర్రవాడు, ముప్పై కూడా నిండలేదు, పంతులుగారి కొడుకు. మాట్లాడితే గాలిలో దీపాలు వెలిగించినట్టుండేది.

"అన్నలారా, అక్కలారా! సేట్ మనల్ని అడ్డా మీది కూలీలను జేస్తడంట. రేపటి సంది ఎవ్వడు గాజు ఊదే పైపు ముట్టద్దు. బల్ల మీద సీస కదలద్దు. బట్టీ గూడ బంద్!"

అంతవరకూ చప్పట్లు కొట్టినవాళ్లం ఆ చివరి మాటకు ఆగిపోయాం. మూలన స్టూలు మీద కూర్చున్న ఉస్తాద్ లేచాడు.

"బట్టీ ఎందుకు బంద్ బేటా?"

"సమ్మె అంటే సమ్మెనే గద ఉస్తాద్."

"బట్టీ ఆర్తే కుండలు పగుల్తయ్. మళ్ల కడ్తడా సేట్? జమీన్ అమ్ముకొని ఆరాంగ కూసుంటడు. పర్మనెంట్ గావాల్నంటే ముందుగాల కార్ఖానా ఉండాల్నా, వద్దా?"

"దుష్మన్ ఇంట్ల పొయ్యి మనం ఎగేసుడేంది ఉస్తాద్?" అన్నాడు లీడరు, నవ్వుతూనే.

"ఇల్లు ఆయనదే. పొయ్యి నాది" అన్నాడు ఉస్తాద్.

అందరం నవ్వేశాం. లీడరు కూడా నవ్వాడు. చేతులెత్తమన్నారు. ఉస్తాద్ మాటకే చేతులు లేచాయి, నాదీ, అక్కదీ కూడా. పని బంద్, బట్టీ మాత్రం ఆరనివ్వరాదు. వంతులు వేసుకుని బొగ్గు ఎగెయ్యాలి. ఎక్కడైనా ఇలాంటి సమ్మె జరిగిందో లేదో నాకు తెలియదు. మాకు మాత్రం ఆ సాయంత్రం అది ఎంతో సహజంగా తోచింది. ఇంటి యజమానితో తగాదా అయితే ఇంట్లో పసిపిల్లకు పాలు మానేస్తామా!

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కల కన్నట్టే ఉంటుంది. గేటు దగ్గర కూర్చునేవాళ్లు కూర్చునేవారు, బట్టీ దగ్గర వంతువాళ్లు బొగ్గు వేసేవారు. మేం ఆడవాళ్లం పొద్దున చాయ్ కాచి తీసుకుపోయేవాళ్లం. పని లేని కార్ఖానా అంత అందంగా ఉంటుందని అంతకుముందు తెలియదు. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ పడి, పెట్టెల్లో ఆగిపోయిన సీసాల మీద ఆకుపచ్చగా, నీలంగా ఆడుతుండేది. బట్టీ చిన్నగా గొణుగుతుండేది. ఉస్తాద్ ఒక పక్కన చాప పరుచుకుని నమాజు చేసుకునేవాడు. అక్క గొంతెత్తి పాడేది. నేను తెచ్చుకున్న కుంకుమ బట్టీ ఇటుకకు బొట్టుగా పెడితే ఎవరూ ఏమీ అనలేదు. ఇన్నేళ్లూ పక్కపక్కన పనిచేసినా ఒకరింటి ముచ్చట ఒకరికి తెలియనివాళ్లం, అప్పుడే ఒక కుటుంబమయ్యాం. లోకంలో అందరం ఇలా ఉండగలం అని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెడతాను, అది నిలిచినా నిలవకపోయినా.

ఇళ్లలో మాత్రం కలలు లేవు. ముందు రేడియో పోయింది. దుకాణంవాడు మనుషుల్ని పంపి తీసుకుపోతుంటే మా చిన్నది పాట మధ్యలో పోయిందని ఏడ్చింది. తర్వాత టేబుల్ ఫ్యాన్ పోయింది. మిషన్ బడి నుంచి మావాడిని సర్కారు బడికి మార్చాం. టై ఏం చేయాలో తెలియక వాడు దాన్ని చుట్టి దిండు కింద పెట్టుకున్నాడు. యూనియన్ వాళ్లు బియ్యం పంచితే తీసుకోవడానికి నాకు ప్రాణం చచ్చినంత పనయ్యేది. మేం ఇచ్చే చేతులవాళ్లమే గాని పట్టే చేతులవాళ్లం కాదని మా అత్తగారు ఎప్పుడూ అనేది. చీర చెంగు కింద సంచి దాచుకుని, ముఖం దించుకుని వస్తుంటే అక్క పట్టుకుంది.

"ఏందే, దొంగతనం జేసినట్టు పోతున్నవ్?"

"సిగ్గైతాంది అక్కా."

"ముఖం దాసుకొని తెచ్చుకున్న బియ్యం ఉడకయా ఏంది? నడువ్, నేను గూడ అదే సంచి వట్టుకున్న" అని నా పక్కనే నడిచింది. ఆ పూట వండిన అన్నం రుచి ఇంకా నాలుక మీద ఉంది.

కార్ఖానాలో బొగ్గు అడుగంటుతోంది. ఇక ఎలాగా అనుకుంటుండగా ఒక పొద్దున గేటు ముందు లారీ ఆగింది. నిండా బొగ్గు. సేట్ పంపించాడట. లీడరు లారీ మెట్టు మీదికెక్కి, "జూసిండ్రా! సేట్ గుండె కరుగుతున్నది. ఇగ రేపో మాపో మాటలకు పిలుస్తడు!" అని కేకేశాడు. మగవాళ్లు ఈలలు వేశారు. బొగ్గు దించినవాళ్లకు మా చాయే పోశాం.

"గుండె కరిగితే మనుసులను పిలుస్తడు గని, బొగ్గెందుకు పంపుతడు?" అంది అక్క, గ్లాసులు కడుగుతూ.

"నువ్వూకో అక్కా. అన్నిట్ల నీకు అనుమానమే" అని పక్కవాళ్లు కసిరారు. ఆమె కూడా నవ్వేసింది. అందరి ముఖాల్లో అంత సంతోషం ఉండగా అనుమానపడటం పాపంలా అనిపించింది కాబోలు. అప్పటినుంచి బొగ్గు లారీ వస్తుండేది. మావాళ్లే గేటు తీసి లోపలికి రానిచ్చేవారు.

ఆ రోజు కూడా అలాగే తీశారు.

తెల్లగా తెల్లవారింది. మేం ఆడవాళ్లం అప్పుడే చాయ్ దించి గ్లాసులు పేరుస్తున్నాం. లారీ హారన్ వినబడగానే మావాళ్లలో ఒకడు పరుగెత్తి గేటు రెక్కలు రెండూ తెరిచాడు. లారీ లోపలిదాకా వచ్చి ఆగింది. వెనక తలుపు పడింది. బొగ్గు లేదు. మనుషులు దిగారు. చంకల్లో పరుపుచుట్టలు, చేతుల్లో రేకుపెట్టెలు, ప్రయాణంలో నలిగిన బట్టలు. ఎక్కడో ఉత్తరాదిన గాజు ఊదే పనివాళ్లట. వాళ్ల వెనక జీపులో మేనేజరు, ఇద్దరు పోలీసులు.

మేనేజరు మమ్మల్ని చూడనైనా చూడలేదు. కొత్తవాళ్లతో హిందీలో, "సామాను అటు పెట్టండి. బట్టీ వేడిగానే ఉంది, ఇప్పుడే పని మొదలుపెట్టొచ్చు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది అందరికీ ఒక్కసారే. చల్లారిన బట్టీ అయితే ఆ మనుషులు వచ్చి నెలల తరబడి చేతులు ముడుచుకుని కూర్చోవాలి. సేట్‌కు అంత ఓపిక ఉండేది కాదు. మాతో మాట్లాడి తీరేవాడు. ఇన్నాళ్లూ అతని కోసం, కూలీ అడగకుండా, చాయ్ తాగుతూ పాటలు పాడుతూ, మేమే పొయ్యి కాపలా కాశాం.

బట్టీ దగ్గర ఎప్పుడూ ఒక బకెట్ నీళ్లు ఉండేవి. గాజు ముద్దను దొర్లించి గుండ్రం చేసే చెక్క అచ్చు కాలిపోకుండా దాన్ని తడుపుతుండాలి, అందుకు. లీడరు ఆ బకెట్ ఎత్తి ఉస్తాద్ చేతికిచ్చాడు.

"ఒక్క బకెట్ ఉస్తాద్. కుండల మీద. ఒక్కటంటే ఒక్కటి. నీకెరుకే ఏడ పొయ్యాల్నో."

పోలీసులు గేటు దగ్గరే ఉన్నారు. వాళ్లు వచ్చేలోపు అయిపోయే పనే. కాగుతున్న కుండ మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మా ఆయన, పిల్లలు, సర్కారు బడి, దిండు కింద టై, అన్నీ ఆ బకెట్‌లో నీళ్లలాగా తొణుకుతున్నట్టనిపించింది. దేవుణ్ణి ఏమని కోరుకోవాలి? పొయ్యమనా, వద్దనా? రెండూ నోట రాలేదు. నామం ఒక్కటే తలుచుకుంటూ నిలబడ్డాను.

ఉస్తాద్ బకెట్‌తో బట్టీ నోటి దగ్గరికి నడిచాడు. అప్పటికే కొత్తవాళ్లలో ఒకడు, సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నవాడు, భయంభయంగా పైపు అందుకుని కుండలో ముంచుతున్నాడు. మా పైపులు వాళ్ల పైపులకంటే పొట్టివేమో, చెయ్యి మరీ దగ్గరగా పెట్టాడు.

"అరే భాయ్, ఉధర్ నక్కో! హాత్ జల్ జాతా!" అన్నాడు ఉస్తాద్, అక్కడ పట్టుకోవద్దు, చెయ్యి కాలుతుందని.

అన్నాక ఆగిపోయాడు. తన నోటి నుంచి వచ్చిన మాటను తానే వింటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా బకెట్ కింద పెట్టాడు. చెక్క అచ్చు అందుకుని, ఆ నీళ్లలో ముంచి, నీళ్లోడుతుండగానే కొత్తవాడి ముందు పట్టాడు. వాడు పైపు చివర మెరుస్తున్న ముద్దను దానిలో పెట్టి తిప్పాడు. జుయ్‌మని ఆవిరి లేచి ఇద్దరి ముఖాలనూ కప్పేసింది.

ఆవిరి విడిపోయాక లీడరు అన్నాడు, "నువ్వు గిట్ల జేస్తవనుకోలే ఉస్తాద్."

"నేను గూడ అనుకోలే బేటా" అన్నాడాయన.

ఎవరూ కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. పోలీసులకు పనే పడలేదు. లీడరు బొగ్గు కుప్ప మీద కూలబడి, "ఇగ అయిపాయె" అన్నాడు, అంతే. మేం చాయ్ గ్లాసులు సర్దుకున్నాం. కొత్తవాళ్లలో ఒకడు గిన్నెలోకి ఆశగా చూస్తుంటే అక్క అతనికి ఒక గ్లాసు పోసి ఇచ్చింది. ఏడుస్తూనే పోసింది.

ఆ వారమే, తిరిగి పని కావాలన్నవాళ్లకు, గుత్త కాగితాల మీద సంతకాలు మొదలయ్యాయి. పోతే అందరం కలిసి పోదాం, లేకపోతే ఎవరం పోవద్దు అని నేనూ అక్కా ఒట్టేసుకున్నాం. ఒక మధ్యాహ్నం, ఎండలో ఎవరూ చూడరని, చెంగు తల మీదుగా కప్పుకుని నేను మేనేజరు గది దగ్గరికి వెళ్లాను. గుమ్మం ముందు అక్క కూర్చుని ఉంది.

"నువ్వు గూడనా?" అంది.

"నువ్వు గూడ" అన్నాను.

ఇద్దరం ఫక్కున నవ్వాం. ఆ తర్వాత చాలా రోజుల దాకా బల్ల దగ్గర ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అందరూ అలాగే వచ్చారు, ఒక్కొక్కరు ఒక్కో వేళకు. ఎవరు ముందు వచ్చారన్నది మాత్రం ప్రతివాళ్లకూ గుర్తుండిపోయింది. సమ్మె పోయినందుకు కాదు, ఆ గుర్తు వల్లే మనుషులం పోయాం అనిపిస్తుంది నాకు. తర్వాత ఎవరైనా మీటింగు అంటే, బకెట్ గురించి జోకులు వేసేవారు.

లీడరును మాత్రం పనిలోకి తీసుకోలేదు. అతడు శాలిబండ బస్టాపు దగ్గర చిన్న బల్ల వేసుకుని లాటరీ టికెట్లు అమ్మేవాడు. అవే దీపాలు వెలిగించే మాటలు. "దా అక్కా, తీస్కో. ఇండ్ల మీటింగు లేదు, చేతులెత్తుడు లేదు. ఎవల నసీబు వాళ్లదే!" అనేవాడు. నేను టికెట్ కొనేదాన్ని కాదు. అక్కడ కాసేపు నిలబడి, అతని పిల్లల గురించి అడిగి వచ్చేదాన్ని.

ఉస్తాద్ సంతకం పెట్టలేదు. మేనేజరు రెండుసార్లు మనిషిని పంపినా రాలేదు. సందు చివర చాయ్ హోటల్లో బయటి బెంచీ మీద కూర్చుని కనిపించేవాడు. నన్ను చూస్తే ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "బట్టీ ఎట్లున్నది బేటీ?" అత్తవారింటికి పంపిన కూతురి గురించి అడిగినట్టు అడిగేవాడు. "మంచిగున్నది ఉస్తాద్" అనేదాన్ని. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. మా పర్మనెంట్, మావాడి బడి, అన్నీ ఆయన చేతిలోంచే జారిపోయాయి కదా. కానీ పూజలో కూర్చుని మనసు నిలిపితే నాకు కనిపించేది ఆవిరిలో ఆయన ముఖమే. ఎదుటివాడి చెయ్యి కాలుతుందంటే ముందు ఆ చెయ్యే కనబడిన మనిషి. అలాంటివాడి దగ్గర పని నేర్చుకున్నాను. కోపం రాలేదు. మా ఆయనకు వచ్చింది. చివరిదాకా పోలేదు. ఆయన్నీ తప్పుపట్టలేను.

ఉస్తాద్ పోయిన తర్వాత కొన్నేళ్లకు ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి. పల్లెల్లో ఇళ్లకు కూడా కరెంటు వచ్చి చిమ్నీలు అడిగేవాళ్లు తగ్గారు. ఎనభైల నడుమ ఒకనాడు బొగ్గు లారీ రావడం మానేసింది. మేనేజరు వచ్చి బట్టీ ఆర్పేస్తున్నామనీ, కార్ఖానా మూసేస్తున్నామనీ, వివరాలు తర్వాత చెబుతామనీ అన్నాడు.

ఇంటికి పోకుండా అందరం బట్టీ చుట్టూ నిలబడ్డాం, పాతవాళ్లం, ఆనాడు లారీ దిగి ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు. ఎవరూ పిలవకుండానే పోగయ్యాం. లోపలి వెలుగు మామిడిపండు రంగు నుంచి ఇటుక రంగుకు, దాని నుంచి బూడిద రంగుకు తగ్గుతూ వచ్చింది. కాసేపటికి లోపల ఎక్కడో టింగుమని మోగింది. మళ్లీ ఇంకొకటి. కుండలు పగులుతున్నాయి. ఇన్నేళ్లూ సీసాలు విన్న చెవులు కదా, నాకు ఆ చప్పుడు ఎంత మధురంగా వినిపించిందో చెప్పలేను.

అక్క గొంతు సవరించుకుంది. "మనకు రావాల్సినయ్ మనకు రావాలె గద. అందరం కలిసి లేబరాఫీసుకు పోదామా?"

టింగుమని ఇంకో కుండ పగిలింది. లారీలో వచ్చినవాళ్లలో ఒకడు తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు. ఇంకొకడు టిఫిన్ డబ్బా అందుకున్నాడు. అక్క నా వైపు చూసింది. నేను నోరు తెరిచేసరికే ఆమె, "సరే పాండ్రి, పొద్దువోయింది" అని కొంగు బిగించుకుంది.

బయటికొచ్చాం. చాలామందిమి వెళ్లవలసింది ఒకటే దారి. సందులో దీపాలు ఇంకా వెలగలేదు. అందరం ఆ దారినే నడిచాం, ముందొకరు, వెనకొకరు, మాట అందనంత ఎడంగా.